ఎదుటివాడి మాట పూర్తిగా రాసిన ఖాజీ

పోయిన నెల ఒక పొలంబాట కేసులో తీర్పు వచ్చింది, ఓడిపోయాం. నా క్లయింటు డెబ్బై దాటిన అవ్వ. కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని, తీర్పు కాపీని చీరకొంగులో పెట్టుకుని, ఒకే ఒక్క మాట అడిగింది: "మనం చెప్పింది అండ్ల రాసిన్రా సారూ?" పదకొండు పేజీల తీర్పులో మా వాదన రెండు లైన్లుంది. పాత బండిజాడ ఎక్కడిదాకా ఉందో, సాక్షులు ఏం చెప్పారో, గట్టు ఎప్పుడు జరిగిందో, ఒక్క ముక్క లేదు. "రాసిన్రు అవ్వా" అని అబద్ధం చెప్పాను. అప్పీలు సంగతి తర్వాత మాట్లాడుకుందామని ఆటో ఎక్కించాను. ఇన్నేళ్ల ప్రాక్టీసులో చాలా కేసులు ఓడాను గానీ ఆ మాట మాత్రం ఇంటిదాకా వెంటబడింది.

ఆ రోజుల్లోనే ఇబ్న్ రుష్ద్‌ని చదువుతున్నాను. యూరప్ వాళ్లు అవెరోస్ అని పిలిచే మనిషి. పన్నెండో శతాబ్దంలో, ఇప్పటి స్పెయిన్‌లో, అప్పట్లో అల్ అందలుస్ అనే ముస్లిం రాజ్యంలో బతికాడు. ఆయన గురించి ఎక్కడ చూసినా అరిస్టాటిల్‌కి వ్యాఖ్యానాలు రాసిన తత్వవేత్త అనే ఉంటుంది. అది నిజమే. కానీ ఆయన రోజూ పొద్దున్నే వెళ్లిన ఉద్యోగం ఖాజీది, అంటే జడ్జిది. మా పక్కనున్న కాజీపేట పేరులో ఉన్న కాజీయే ఆ ఖాజీ. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చదివితే ఆయన రాతలు నాకు వేరేగా కనిపించాయి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

1126లో కార్డోబాలో పుట్టాడు. న్యాయం వాళ్లింట్లో వెన్నతో పెట్టిన విద్య. తాత కార్డోబా ప్రధాన ఖాజీ, పెద్ద మసీదుకి ఇమాము కూడా. మనవడు పుట్టిన ఏడాదే పోయాడు. ఇద్దరి పేరూ ఒకటే కావడంతో పాత పుస్తకాల్లో ఈయన్ని "మనవడు" అని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. తండ్రి కూడా ఖాజీయే. ఈయన ధర్మశాస్త్రం, వైద్యం, తత్వశాస్త్రం మూడూ చదివాడు. వైద్యంలో "కుల్లియాత్" అని పెద్ద పుస్తకం రాసి, లాటిన్‌లోకి వెళ్లాక వైద్యుడిగా కూడా పేరు తెచ్చుకున్నాడు. ఆ సంగతుల జోలికి నేను పోను, నాకు తెలిసింది కోర్టు వ్యవహారమే.

ఇక్కడొక మాట. మనం కోర్టులో పొద్దస్తమానం వాడే మాటలు చూడండి: దావా, వకీలు, వకాల్తా, వాయిదా, నకలు, హాజరు, జవాబు. అన్నీ అరబీ మూలం నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చినవే. ముద్దాయి అనే మాటకి అరబీలో దావా వేసినవాడని అర్థం, మన దగ్గరికొచ్చేసరికి బోనులో నిలబడ్డవాడయ్యాడు. ఇబ్న్ రుష్ద్ చిన్న పుస్తకం ఒకటుంది, "ఫస్ల్ అల్ మఖాల్". ఆ ఫస్ల్, మన "ఫైసలా" ఒకే ధాతువు నుంచి పుట్టాయి. తగువు తేల్చి చెప్పే మాట అని ఆ పేరుకి అర్థం. ఇది తెలిసిన రోజు నాకెంత సంతోషమయ్యిందో చెప్పలేను.

ఆయన న్యాయగ్రంథం "బిదాయత్ అల్ ముజ్తహిద్". మామూలుగా ధర్మశాస్త్ర పుస్తకాలు ఒక సంప్రదాయం పట్టుకుని, ఇది చెయ్యి, ఇది చెయ్యకు అని చెబుతూ పోతాయి. ఈయన అలా రాయలేదు. ప్రతి విషయంలోనూ ఆ సంప్రదాయాల మూలపురుషులైన మాలిక్ ఏమన్నాడు, షాఫియీ ఏమన్నాడు, అబూ హనీఫా ఏమన్నాడు అని వరసగా చెప్పి, ఆ తర్వాత వాళ్లకి ఎందుకు తేడా వచ్చిందో రాస్తాడు. ఒక ఉదాహరణ చెబుతాను. విడాకులైన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకునే ముందు మూడు "ఖుర్"ల కాలం ఆగాలని ఖురాన్‌లో ఉంది. అరబీలో ఆ మాటకి బహిష్టు అని ఒక అర్థం, రెండు బహిష్టుల నడుమ శుద్ధిగా ఉండే కాలం అని ఇంకో అర్థం, రెండూ వాడుకలో ఉన్నవే. మాలిక్, షాఫియీ ఒక అర్థం పట్టుకున్నారు, అబూ హనీఫా ఇంకోటి పట్టుకున్నాడు, గడువు లెక్క మారిపోయింది. ఎవరూ మూర్ఖులు కారు, ఎవరి దగ్గర చూసినా కారణం ఉంది. పుస్తకం పొడుగునా ఇదే పద్ధతి. ఏ మాటకి రెండర్థాలున్నాయి, ఏ సాక్ష్యం ఎవరికి అందలేదు, ఎవరు దేన్ని దేనితో పోల్చారు... తేడా పుట్టిన చోటికి వేలు పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తాడు. ఇష్యూస్ ఫ్రేమ్ చేయడం, అంటే తగువులో తేల్చాల్సిన ప్రశ్నలేవో విడదీసి రాసుకోవడం ఏంటో కొత్తగా వచ్చే జూనియర్లకి చెప్పాల్సొస్తే నేను ఈ పుస్తకంలోంచి నాలుగు పేజీలు చదివిస్తాను.

తత్వశాస్త్రంలోకి ఆయన్ని తోసింది ఒక దర్బారు. 1169 ప్రాంతంలో ఇబ్న్ తుఫైల్ అనే పెద్దాయన, ఆయనా తత్వవేత్తే, రాజవైద్యుడు కూడా, ఈయన్ని తీసుకెళ్లి అప్పటి పాలకుడు, అల్మొహాద్ వంశపు ఖలీఫా అబూ యాకూబ్ యూసుఫ్ ముందు నిలబెట్టాడు. ఖలీఫా పేరూ ఊరూ అడిగాక సూటిగా ఒక ప్రశ్న వేశాడట: ఆకాశం గురించి తత్వవేత్తలు ఏమంటారు, అనాదిగా ఉందంటారా, సృష్టించబడిందంటారా? ఇబ్న్ రుష్ద్‌కి గుండె జారిపోయింది. ఏ జవాబు చెప్పినా మెడకి చుట్టుకునే ప్రశ్న అది. నాకు తత్వశాస్త్రంతో సంబంధం లేదని తప్పించుకున్నాడు. ఖలీఫాకి సంగతి అర్థమై, ఇబ్న్ తుఫైల్ వైపు తిరిగి తనే ప్లేటో, అరిస్టాటిల్ ఏమన్నారో, వాళ్ల మీద మతపండితుల ఆక్షేపణలేంటో చెప్పడం మొదలుపెట్టాడు. అది విని ఈయన తేరుకుని నోరు విప్పాడు. వచ్చేటప్పుడు డబ్బు, శాలువా, ఒక గుర్రం దక్కాయి. అరిస్టాటిల్ అర్థం కావడం లేదు, ఎవరైనా విడమరిచి రాస్తే బావుణ్ణు అని ఖలీఫా అంటున్నాడని, తనకి వయసైపోయిందని, నువ్వే రాయాలని ఇబ్న్ తుఫైల్ చెప్పాడు. అక్కడ మొదలైంది ఆ పని.

అరిస్టాటిల్ గ్రంథాలకి మూడు స్థాయిల్లో వ్యాఖ్యానాలు రాశాడు. మనవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు, టిప్పణి, టీక, భాష్యం అని మనకూ ఉన్నాయి, మెదక్ సీమ నుంచి వచ్చిన మల్లినాథసూరి పేరు విననివాళ్లెవరు? ఇబ్న్ రుష్ద్ చిన్నవాటిలో సారాంశం చెబుతాడు, మధ్యరకంలో తన మాటల్లో తిరగరాస్తాడు, పెద్దవాటిలో మాత్రం అరిస్టాటిల్ వాక్యాన్ని పూర్తిగా ఎత్తి రాసి, దాని కింద వివరణ రాస్తాడు. పెద్దవి ఐదే రాశాడు. గ్రీకు రాదు, అరబీ అనువాదాల మీదే ఆధారం, ఒకే గ్రంథానికి ఒకటి కంటే ఎక్కువ అనువాదాలు దొరికితే పోల్చి చూసుకునేవాడు. నాటకం ఎలా ఉంటుందో తెలియని సమాజంలో కూర్చుని అరిస్టాటిల్ కావ్యశాస్త్రానికి వ్యాఖ్య రాయాల్సి వచ్చింది. చేతిలో ఉన్న అనువాదంలో ట్రాజెడీ అంటే స్తుతి కవిత్వం, కామెడీ అంటే నింద కవిత్వం అని ఉంటే దాన్నే పట్టుకుని అరబీ కవుల ఉదాహరణలతో మొత్తం నడిపించాడు. తప్పే, కానీ అందులోని ఓపిక చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇదంతా ఉద్యోగం చేస్తూనే. 1169లో సెవిల్ ఖాజీగా వేశారు, 1171లో మళ్లీ కార్డోబాకి. సెవిల్లో ఉండగా జంతువుల మీద రాసిన ఒక వ్యాఖ్యానం చివర, పనుల ఒత్తిడిలో ఉన్నాను, నా పుస్తకాలన్నీ కార్డోబాలో ఉండిపోయాయి, తప్పులుంటే మన్నించండి అని రాసుకున్నాడు. ట్రాన్స్‌ఫరై పోయి, సామాను ఒక ఊళ్లో, తాను ఒక ఊళ్లో ఉన్న ఎవరికైనా ఆ మాట తగులుతుంది. పెళ్లయిన రాత్రి, తండ్రి పోయిన రాత్రి, ఈ రెండు రాత్రులు తప్ప జీవితంలో చదవడం ఆపలేదని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

ఇందాకటి "ఫస్ల్ అల్ మఖాల్" మొదలు పెట్టడమే కోర్టు భాషలో మొదలుపెడతాడు. తత్వశాస్త్రం చదవడం షరియా ప్రకారం అనుమతమా, నిషిద్ధమా, విధా? ఇదీ వివాదాంశం. సృష్టిని చూసి ఆలోచించమని గ్రంథమే చెబుతోంది కాబట్టి, ఆలోచించే పద్ధతి నేర్చుకోవడం అర్హత ఉన్నవాళ్లకి విధి అని తేలుస్తాడు. ఆ పద్ధతిని కనిపెట్టింది మన మతం కాని గ్రీకులు కదా అంటే, జబహ్ చేసే, అంటే జంతువుని కోసే కత్తి పదునుగా, నియమం ప్రకారం ఉందా లేదా అని చూస్తాం గానీ అది ఎవరిదని అడుగుతామా అంటాడు. తత్వశాస్త్రం చదివి కొందరు దారి తప్పారు కదా అంటే, ఎవడో నీళ్లు గొంతులో అడ్డం పడి చచ్చాడని, దాహంతో ఉన్నవాడికి చల్లటి తియ్యటి నీళ్లు ఇవ్వకుండా చంపుతామా, నీళ్లు అడ్డంపడటం ఎప్పుడో జరిగేది, నీళ్లు లేక చావడం తప్పనిసరి అంటాడు. ఇంకో వాక్యం ఉంది. సత్యం సత్యానికి ఎదురు నిలవదు, దానితో కలుస్తుంది, దానికి సాక్ష్యం చెబుతుంది. సాక్ష్యం అనే మాటే వాడాడు. మతానికొక సత్యం, తత్వానికొక సత్యం ఉంటాయని ఈయన చెప్పినట్టు యూరప్‌లో శతాబ్దాల పాటు ప్రచారం జరిగింది. అసలు మనిషి రాసింది దానికి సరిగ్గా తలకిందులు.

అదే పుస్తకంలో నాకు మింగుడు పడనిదీ ఉంది. రుజువులతో అర్థం చేసుకునేవాళ్లు కొందరు, వాదంతో ఒప్పుకునేవాళ్లు కొందరు, ఉపన్యాసంతో నమ్మేవాళ్లు ఎక్కువమంది అని మనుషుల్ని మూడుగా విడగొట్టి, లోతైన వ్యాఖ్యానాలు మూడోవాళ్ల చెవిన పడకూడదంటాడు. పడితే ఉన్న నమ్మకమూ పోతుందని ఆయన భయం. నేను ఒప్పుకోను. వరండాలో కూర్చున్న ఆ అవ్వకి అక్షరం రాదు, కానీ బాట ఎవరిదో తేల్చడానికి ఏ రుజువు కావాలో, మేం పెట్టినదాంట్లో ఏది బలహీనమో విచారణ జరిగినన్నాళ్లూ నాకంటే ముందే పట్టేది.

ఇక తహాఫుత్. 1095లో గజాలీ అనే మతపండితుడు "తహాఫుత్ అల్ ఫలాసిఫా", అంటే తత్వవేత్తల అసంబద్ధత అనే పుస్తకం రాసి, ఇరవై అంశాల్లో తత్వవేత్తల వాదాలు నిలబడవని చూపించాడు. మూడింట్లో అయితే ఏకంగా మతభ్రష్టత అన్నాడు. మామూలు మనిషి కాదు గజాలీ, బాగ్దాద్‌లోని నిజామియా మదరసాలో పాఠం చెప్పినవాడు, తత్వశాస్త్రాన్ని లోపలికంటా చదివి మరీ దెబ్బకొట్టాడు. ఆయన 1111లో పోయాడు. సుమారు 1180లో, అంటే ఆయన పోయిన దాదాపు డెబ్బై ఏళ్లకి, ఇబ్న్ రుష్ద్ జవాబు దావా వేశాడు: "తహాఫుత్ అల్ తహాఫుత్", ఆ అసంబద్ధతకే అసంబద్ధత.

మా బార్‌లో ఒక సీనియర్ వకీల్ సాబ్ ఉన్నారు, అరబీ చదవగలరు. లంచ్ టైంలో ఫోన్లో అరబీ మూలం తెరిచి, "ఇటు చూడు భాయ్" అని వేలితో చూపించారు. "ఖాల అబూ హామిద్", అంటే అబూ హామిద్ అన్నాడు. అబూ హామిద్ అంటే గజాలీ. అక్కణ్ణుంచి గజాలీ మాటలు, గజాలీ రాసిన వరసలోనే, పేరా తర్వాత పేరా. ఆ తర్వాత "ఖుల్తు", నేనంటాను. మళ్లీ ఖాల. మళ్లీ ఖుల్తు. నాకు లిపి రాదు, అయినా పది నిమిషాల్లో ఆ రెండు మాటలు గుర్తుపట్టడం అలవాటయ్యింది. పుస్తకమంతా ఇలాగే ఉంటుంది. గజాలీ పుస్తకంలో చాలా భాగం దీని కడుపులోనే ఉంది. తను ఎవరి మాట తప్పని చెప్పబోతున్నాడో ఆ మనిషి డెబ్బై ఏళ్ల కిందటే చనిపోయాడు, లేచి వచ్చి నేనలా అనలేదు అని చెప్పలేడు. అందుకే కాబోలు, ముందు ఆయన చెప్పింది పూర్తిగా రాసిపెట్టాడు. ఆ రాత్రి ఇంగ్లీషు అనువాదం చదువుతూ ఇక్కడే ఆగిపోయాను. అవ్వ గుర్తొచ్చింది.

అందులో దూది సంగతి చెప్పాలి. నిప్పు దగ్గర దూది పెడితే కాలుతుంది. నిప్పు కాల్చిందని నువ్వు చూశావా? నిప్పు తగలడం చూశావు, కాలడం చూశావు, ఆ రెంటి మధ్య ముడిని మాత్రం చూడలేదు, కాల్చింది దేవుడు అంటాడు గజాలీ. చాలా గట్టి ప్రశ్న, ఇప్పటికీ తత్వశాస్త్రంలో నలుగుతూనే ఉంది. ఇబ్న్ రుష్ద్ అంటాడు: ప్రతి వస్తువుకీ దాని స్వభావం ఉంది, దాన్నిబట్టే దానికొక పేరుంది. కాల్చే గుణం తీసేస్తే దాన్ని నిప్పని ఎందుకు పిలుస్తున్నట్టు? కారణాన్ని కొట్టేస్తే తెలివినే కొట్టేసినట్టు, ఇక దేన్ని గురించీ ఏదీ తెలిసే వీలుండదు. పొగని చూసి కొండ మీద నిప్పుందని ఊహించే మన తర్కశాస్త్రం వాళ్లు ఈ పేజీలు చూస్తే కూర్చుని రాత్రంతా వాదించేవాళ్లు.

అంత నిదానంగా ఎదుటి వాదన రాసిన మనిషికి కోపం రాదనుకోకండి. గజాలీ చేసింది అజ్ఞాని పని, లేదా దుర్మార్గుడి పని అని నిష్ఠూరంగా అంటాడు. తనకంటే ముందటి తత్వవేత్త ఇబ్న్ సీనాని కూడా వదల్లేదు, అరిస్టాటిల్ చెప్పనివి నువ్వే కలిపావు అని చాలా చోట్ల పట్టుకున్నాడు. మతమూలాలనే కాదనేవాళ్లకి మరణశిక్షే తగినదని ఇదే పుస్తకంలో రాశాడు. ఆయన్ని నేటి లౌకికవాదిగా చూపించేవాళ్లు ఆ పేజీ దాటేసి పోతుంటారు, నాకది నచ్చదు. ఆయన తన కాలం ఖాజీ. అదే ఖాజీ ప్లేటో "రిపబ్లిక్" మీద వ్యాఖ్య రాస్తూ, మన ఊళ్లలో ఆడవాళ్లని పిల్లల్ని కనిపెంచడానికే పరిమితం చేసి మొక్కల్లాగా బతకనిస్తున్నాం, వాళ్ల శక్తి ఏంటో తెలియకుండా పోతోంది, ఊళ్ల పేదరికానికి ఇదీ ఒక కారణమే అన్నాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మాట అది.

1182లో ఇబ్న్ తుఫైల్ స్థానంలో రాజవైద్యుడయ్యాడు, తాత కూర్చున్న కార్డోబా ప్రధాన ఖాజీ పదవిలోనూ కూర్చున్నాడు. ఆదరించిన ఖలీఫా 1184లో పోయాడు, కొడుకు అల్ మన్సూర్ కూడా చాలాకాలం బాగానే చూసుకున్నాడు. 1195లో తిరగబడింది. కార్డోబాలో విచారణ జరిపి, ఆయన బోధనల్ని తప్పుబట్టి, తత్వశాస్త్రం పుస్తకాలు తగలబెట్టించి, లూసెనా అనే చిన్న ఊరికి పంపేశారు. ఎందుకు అనేదానికి రకరకాల కథలున్నాయి. ఉత్తరాన క్రైస్తవ రాజులతో యుద్ధం నడుస్తున్నప్పుడు మతపండితుల మద్దతు ఖలీఫాకి అవసరమయ్యిందనేది నాకు నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. ఇంకోటి జిరాఫీ కథ. జంతువుల పుస్తకానికి వ్యాఖ్య రాస్తూ, జిరాఫీని "బెర్బెర్ల రాజు దగ్గర" చూశానని రాశాడట. ఖలీఫాని బిరుదుల్లేకుండా అలా రాయడం పెద్ద తప్పయ్యింది. "రెండు నేలల రాజు" అని రాశాను, చదివినవాడు తప్పు చదివాడని చెప్పుకున్నాడట, అరబీ లిపిలో ఆ రెండు మాటలకీ రూపం దగ్గరగానే ఉంటుంది. మొత్తం కష్టకాలంలో తనని ఎక్కువ బాధపెట్టింది ఏదంటే, కొడుకుతో కలిసి సాయంత్రం నమాజుకి కార్డోబాలో ఒక మసీదుకి వెళ్తే కొందరు అల్లరి జనం తమని బయటికి తరిమేయడం అని ఆయన అన్నట్టు రాసి ఉంది. తాత ఇమాముగా నిలబడిన ఊళ్లో.

కొన్నాళ్లకి ఖలీఫా మనసు మార్చుకుని మర్రాకేష్‌కి పిలిపించాడు. 1198 డిసెంబరులో అక్కడే పోయాడు, 72 ఏళ్లు. మూడు నెలల తర్వాత శవాన్ని తీసి కార్డోబాకి పంపించారు. సూఫీ ఇబ్న్ అరబీకి అప్పుడు ముప్పై మూడేళ్లు, అక్కడే నిలబడి చూశాడు. జంతువుకి ఒక పక్క శవపేటిక కట్టారు, బరువు సరితూగడానికి రెండో పక్క ఆయన పుస్తకాలు కట్టారు.

ఆ తర్వాత అందలుస్‌లో ఆయన తత్వశాస్త్రాన్ని అందుకున్న శిష్యులు పెద్దగా లేరు. అందుకున్నవాళ్లు యూదు పండితులు, క్రైస్తవులు. హీబ్రూలోకి, లాటిన్‌లోకి వరసగా అనువాదాలు జరిగాయి, ఆ "రిపబ్లిక్" వ్యాఖ్యానం ఇప్పుడు హీబ్రూలో తప్ప అరబీలో దొరకదు. పారిస్‌లో క్రైస్తవ మతపండితుడు థామస్ అక్వైనాస్ ఆయన్ని పేరుతో కాకుండా "వ్యాఖ్యాత" అని రాసేవాడు, అరిస్టాటిల్‌ని "తత్వవేత్త" అన్నట్టుగా. అదే అక్వైనాస్ 1270లో ఆయన మీద కత్తి దూశాడు, అదే ఏడాది పారిస్ బిషప్ 13 వాక్యాల్ని నిషేధించాడు, మళ్లీ 1277లో 219. గొడవంతా దేనిమీదంటే, మనుషులందరిలోనూ ఆలోచించే బుద్ధి ఒక్కటే అని ఇబ్న్ రుష్ద్ "ఆత్మ" గ్రంథానికి రాసిన పెద్ద వ్యాఖ్యానంలో అన్నాడు. అలాగైతే నా ఆత్మ, నా పాపపుణ్యాలు ఏమైపోవాలి అని వాళ్ల ఆందోళన. నాకు ఆ సిద్ధాంతం పూర్తిగా తలకెక్కలేదు. అయితే ఆ వివాదం రేపిన చోటే ఆయన ఒక మాట రాశాడు: ఇది చదివే సోదరులు తమ సందేహాలు రాసిపెట్టండి, నేనింకా సత్యాన్ని పట్టుకోలేకపోయి ఉంటే, బహుశా ఆ సందేహాల వల్ల అది దొరుకుతుంది.

మన హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలోని దాయిరతుల్ మఆరిఫ్ వాళ్లు ఆయన చిన్న వ్యాఖ్యానాల్ని 1947లో అరబీలో అచ్చువేశారని వకీల్ సాబే చెప్పారు. వచ్చే వాయిదాకి హైకోర్టుకి పోయినప్పుడు వెళ్లి అడగాలి, ఒక ప్రతి చూడనిస్తారేమో.

ఇంకొక్క సంగతి. ఆయన న్యాయగ్రంథంలో మొదట హజ్ యాత్ర అధ్యాయం లేదు, రాయకూడదనుకుని వదిలేశాడు. మిగతా పుస్తకం పూర్తయ్యిన దాదాపు ఇరవై ఏళ్లకి, 1188లో, 62 ఏళ్ల వయసులో, రాజవైద్యం చేస్తూ, మళ్లీ ఆ పాత పుస్తకం తీసి కూర్చుని ఆ ఒక్క అధ్యాయం రాసి చేర్చాడు. అందులోనూ అదే వరస: ఒకరు ఇలా అన్నారు, ఇంకొకరు అలా అన్నారు, తేడా ఎందుకొచ్చిందంటే.